తూచిన ఇత్తడి, తూచని ఇత్తడి: మందిర నిర్మాణ కథలను పక్కపక్కన చదివిన ఒక కేస్ స్టడీ

పాత నిబంధనలో మందిరం కట్టిన కథలన్నీ దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. దేవుడు ఆజ్ఞ ఇస్తాడు, నమూనా చూపిస్తాడు, సామగ్రి వస్తుంది, నేర్పరి పనివాడు దొరుకుతాడు, పని ముగుస్తుంది, మేఘం దిగి ఇల్లంతా నిండిపోతుంది. నేను పాస్టర్లకు, సంఘ పెద్దలకు పాత నిబంధన బోధిస్తాను. మోషే అరణ్యంలో నిలబెట్టిన గుడారానికీ, సొలొమోను రాజు యెరూషలేములో కట్టిన మందిరానికీ ఉన్న పోలికలను పటం గీసి చూపించడంతోనే మా పాఠాలు చాలావరకు ఆగిపోతాయి. ఆ పోలికలు అంత జాగ్రత్తగా పేర్చింది తేడా ఎక్కడుందో మనకు తెలియడానికే అని నా నమ్మకం. ఒక సంఘంతో కలిసి ఈ కథలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఏం తేలిందో, ఎక్కడ వాదన వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

సందర్భం

కోస్తాలో ఒక పల్లె సంఘం. రేకుల షెడ్డు తీసేసి కొత్త మందిరం కట్టాలని నిర్మాణ కమిటీ వేసుకున్నారు. మన దగ్గర ఇలాంటప్పుడు మొదట తెరిచేది హగ్గయి ప్రవక్త గ్రంథం మొదటి అధ్యాయం. మందిరం పాడై ఉండగా మీరు సరంబీ వేసిన (చెక్క పలకలు కప్పిన) ఇళ్లలో ఉంటారా అన్న మాట మీద ప్రసంగాలు నడుస్తాయి, కానుకలు వస్తాయి. ఈ కమిటీ కూడా అదే పాఠం అడిగింది. హగ్గయి దగ్గరికి తప్పకుండా వెళ్దాం, కానీ ఆయన మాట్లాడుతున్న మందిరానికి ముందు ఏమేం కట్టారో అంతా చదివాక వెళ్దాం అన్నాను. ఒప్పుకున్నారు.

శనివారం సాయంత్రాలు కూర్చున్నాం. పెద్దలు, మహిళా సమాజం వాళ్లు, కొందరు యువకులు, రిటైరైన ఒక లెక్కల మాస్టారు, సంఘంలోనే ఉన్న ఒక తాపీ మేస్త్రి. గోడకు పెద్ద కాగితం అంటించి నిలువు గీతలు గీశాం. ఒక గడి గుడారానికి, ఒకటి సొలొమోను మందిరానికి, ఒకటి బబులోను చెర నుంచి తిరిగొచ్చాక అధిపతి జెరుబ్బాబెలు, యాజకుడు యేషూవ కట్టిన మందిరానికి. అన్నిటికీ అవే ప్రశ్నలు: ఎవరు చెప్పారు, నమూనా ఎవరిది, సామగ్రి ఎక్కడిది, పని ఎవరు చేశారు, కూలి ఇచ్చారా, లెక్క ఎవరు రాశారు, ముగిశాక ఏమైంది. జవాబు వాక్యంలో లేకపోతే గడి ఖాళీగానే వదలాలి. ఊహించి నింపకూడదు. ఈ ఒక్క నియమం మీద నేను చాలా పట్టుగా ఉన్నాను. ప్రసంగాల్లో విని విని, వాక్యంలో లేనిది కూడా ఉన్నట్టే మనకు గుర్తుంటుంది.

సులువుగా దొరికిన పోలికలు

కొలతలతో మొదలుపెట్టాం. మేస్త్రిది ముందు చేయి. గుడారం పలకలు ఒక్కోటి పది మూరల ఎత్తు, మూరన్నర వెడల్పు. దక్షిణాన 20, ఉత్తరాన 20. అంటే పొడవు 30 మూరలు. సొలొమోను మందిరం 60 మూరల పొడవు, 20 వెడల్పు, 30 ఎత్తు (1 రాజులు 6:2). వెడల్పు కూడా గుడారానికి రెట్టింపే. గర్భాలయం 20 మూరల చదరం, ఎత్తూ అంతే. మూర అంటే సుమారు అడుగున్నర అనుకుంటే సొలొమోను మందిరం 90 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మేస్త్రి ఆ అంకె చూసి, "మనం అనుకున్న ప్లాన్ కన్నా పెద్ద తేడా లేదండీ" అన్నాడు. గది అంతా నిశ్శబ్దమైంది. అందరి మనసుల్లో ఉన్న సొలొమోను మందిరం అంతకు చాలా పెద్దది.

అదే అధ్యాయాల్లో ఇంకో అంకె ఉంది. సొలొమోను కట్టుకున్న లెబానోను అరణ్యపు నగరు 100 మూరల పొడవు, 50 వెడల్పు, 30 ఎత్తు. మందిరానికి ఏడేళ్లు పట్టింది, రాజు నగరుకు పదమూడేళ్లు. రాజుల గ్రంథం రాసినవాడు ఈ రెండు సంఖ్యలను ఒకదాని వెంట ఒకటి పెట్టాడు, ఏ వ్యాఖ్యా చేయలేదు.

ఏడు రోజుల సృష్టి కథతో పోలికను త్వరగానే ముగించాం, అది చాలామందికి తెలిసిందే. నిర్గమకాండం 25 నుంచి 31 వరకు యెహోవా మోషేతో మాట్లాడాడన్న మాట ఏడుసార్లు వస్తుంది, ఏడోది విశ్రాంతిదినం గురించి. 39వ అధ్యాయంలో యెహోవా ఆజ్ఞాపించినట్టే చేశారని ఏడుసార్లు, 40లో మళ్లీ ఏడుసార్లు. మోషే పని ముగించాడు, చూశాడు, దీవించాడు. గుడారం నిలబెట్టింది మొదటి నెల మొదటి రోజున. జలప్రళయం తర్వాత నోవహు 601వ ఏట నీళ్లు ఆరిపోయింది కూడా మొదటి నెల మొదటి రోజునే. సొలొమోను కథలోనూ ఏడు కనిపిస్తుంది: ఏడేళ్ల పని, ఏడో నెలలో ప్రతిష్ఠ, ఆ ప్రార్థనలో ఏడు విన్నపాలు. చివరికి రెండు చోట్లా మేఘమే. గుడారంలోకి మోషే వెళ్లలేకపోయాడు, మందిరంలో యాజకులు నిలవలేకపోయారు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాను. ఇలాంటి వరస బైబిల్‌కు మాత్రమే సొంతం కాదు. క్రీ.పూ. సుమారు 2100 ప్రాంతంలో మెసపొటేమియాలోని (నేటి ఇరాక్) లగాష్ పాలకుడు గుడియా తన దేవుడు నింగిర్సుకు గుడి కట్టిన కథను రెండు మట్టి స్తంభాల మీద రాయించాడు. అవి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. అందులోనూ కలలో ఆజ్ఞ, నమూనా, దూరం నుంచి తెచ్చిన దేవదారు, చివర దేవుడు ఇంట్లో ప్రవేశించడం ఉన్నాయి. ప్రతిష్ఠ రోజుల్లో దాసి యజమానురాలితో సమానంగా ఉందని కూడా గుడియా రాయించుకున్నాడు. కాబట్టి పోలిక కనిపించగానే ఇది దాన్ని చూసి రాశారు అనేయలేం. ఆ కాలంలో గుడి కట్టిన కథ చెప్పే తీరే అది. విన్నవాళ్లకు ఆ వరస తెలుసు గనుక, వరస తప్పినచోట చెవికి తగులుతుంది. గుడియా మాటలో ఇంకో సంగతి కూడా ఉంది. పనివాళ్ల స్థితి ఏమిటన్నది గుడి కథలో చెప్పి తీరాల్సిన విషయమని అప్పటి రాజులకు కూడా తెలుసు.

వెండి లెక్క

అధ్యయనం నిజంగా మలుపు తిరిగింది నిర్గమ 38 దగ్గర. ప్రసంగాల్లో ఆ అధ్యాయాన్ని దాటేసి పోతాం, అన్నీ తూకాలే కదా అని. నేను దాన్ని గట్టిగా చదివించాను. బంగారం 29 మణుగుల 730 తులాలు (ఇవి బైబిల్ తూకాలు, మన మణుగు, తులం కావు). వెండి 100 మణుగుల 1,775 తులాలు. ఇత్తడి 70 మణుగుల 2,400 తులాలు. లెక్క రాసింది లేవీయులు, పర్యవేక్షణ అహరోను కొడుకు ఈతామారుది. పని ముగిశాక పేరుపెట్టి చూపించిన ఖాతా ఇది.

అంతకుముందు నేను గుడారం గడిలో, ఇష్టపూర్వకంగా తెచ్చిన కానుక అని రాసి ఉంచాను. జనం ఎక్కువ తెస్తున్నారు, ఇక చాలు అని మోషే చాటింపు వేయించాల్సి వచ్చిన సంగతి (36:5-7) అందరికీ ఇష్టమైన భాగం. అప్పుడు మాస్టారు లేచారు. "అయ్యగారూ, అంతా ఇష్టంతో ఇచ్చిందే అంటున్నారు. మరి తలకు అరతులం సంగతి? అది తప్పనిసరే కదా" అన్నారు. చాలా సరైన ప్రశ్న. బోర్డు మీద ఆయనే లెక్క వేశారు. లెక్కకు వచ్చిన మగవాళ్లు 6,03,550. తలకు అరతులం చొప్పున 3,01,775 తులాలు. మణుగుకు 3,000 తులాలు. వంద మణుగులు పోగా మిగిలింది 1,775. వాక్యంలో రాసిన అంకె సరిగ్గా అదే.

ఆ వంద మణుగులు ఎక్కడికి పోయాయో కూడా రాసి ఉంది. పలకల కింద, అడ్డతెర స్తంభాల కింద పెట్టిన వంద దిమ్మలకు, దిమ్మకు ఒక మణుగు. మిగిలిన 1,775 తులాలు కొక్కేలకు, స్తంభాల తలల మీది రేకుకు, బద్దలకు. ఒక్క తులం కూడా లెక్క తప్పలేదు. పైకి మెరిసే బంగారం ఇష్టపూర్వకమైన కానుక. కట్టడం నిలబడిన పునాది దిమ్మలు మాత్రం అందరి దగ్గరా సమానంగా తీసుకున్న వెండితో పోసినవి. ధనవంతుడు అరతులం కన్నా ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు (30:15). మాస్టారి ప్రశ్న వల్ల గడిలో రాత మారింది: కొంత ఇష్టపూర్వకం, కొంత తప్పనిసరి, తప్పనిసరి అయినది అందరికీ సమానం, అన్నిటికీ తూకం.

ఇదే ప్రశ్నతో సొలొమోను గడికి వెళ్లాం. 1 రాజులు 7:47 దగ్గర ఆగాం. ఇత్తడి సామాన్లు మరీ ఎక్కువగా ఉన్నందున సొలొమోను వాటిని తూచకుండా వదిలేశాడు, ఇత్తడి బరువు ఎంతో తెలియలేదు. నేను ఈ మాటను ఎన్నోసార్లు చదివాను, దాన్ని ఐశ్వర్యానికి గుర్తుగానే చెప్పాను. నిర్గమ 38 పక్కన పెట్టి చదివినప్పుడు అది వేరేగా వినిపిస్తుంది. చివరికి ఆ ఇత్తడి ఏమైందో 2 రాజులు 25 చెబుతుంది. బబులోను సైన్యం స్తంభాలను, ఇత్తడి సముద్రం అనే పెద్ద తొట్టిని ముక్కలు చేసి మోసుకుపోయింది. అక్కడ మళ్లీ అదే మాట వస్తుంది, ఆ ఇత్తడి బరువు ఇంతని చెప్పలేం అని.

ఈ ఒక్క మాట మీద సొలొమోనుకు తీర్పు తీర్చకూడదని క్లాసులో స్పష్టంగా చెప్పాను. రాజుల కథనే మళ్లీ చెప్పే దినవృత్తాంతాల గ్రంథాల్లో సొలొమోను తండ్రి దావీదు బంగారు, వెండి పాత్రలకు తూకం ప్రకారం లోహం ఇచ్చాడని ఉంది (1 దిన 28). లెక్క తెలియని కుటుంబమేం కాదు. కానీ కథ చెప్పినవాడు గుడారం తూకాలు తెలిసినవాళ్ల ముందు ఈ మాట పెట్టాడు.

లెబానోనుకు వెళ్లిన ముప్పై వేల మంది

పని ఎవరు చేశారన్న గడి దగ్గర అందరికన్నా ఎక్కువసేపు ఆగాం, అక్కడే ఎక్కువ బాధా కలిగింది.

గుడారంలో పని బెసలేలుది, దాను గోత్రికుడైన అహోలీయాబుది, మనసు రేపబడి వచ్చిన నేర్పరులది. స్త్రీలు వడికి తెచ్చారు. పని మొదలుకాక ముందే, 35వ అధ్యాయం మొదట్లోనే, ఏడో రోజు పని ఆపాలన్న ఆజ్ఞ ఉంది. దేవుని గుడారమైనా సరే విశ్రాంతి రోజున ఆగాల్సిందే. మొన్నటిదాకా ఐగుప్తులో ఇటుకలు చేసిన జనానికి ఈ ఆజ్ఞ ఎలా వినిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించమన్నాను.

1 రాజులు 5లో సొలొమోను ఇశ్రాయేలీయులందరిలోంచి ముప్పై వేల మందిని వెట్టికి పట్టాడు. నెలకు పది వేల మంది చొప్పున లెబానోనుకు. ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంట్లో. బరువులు మోసేవాళ్లు 70,000, కొండల్లో రాళ్లు కొట్టేవాళ్లు 80,000, పనివాళ్ల మీద అధికారులు 3,300. వెట్టివాళ్ల మీద అధికారి అదోనీరాము.

మేస్త్రి వేళ్ల మీద లెక్క వేశాడు. మూడు నెలల్లో ఒకటంటే ఏడాదికి నాలుగు నెలలు. "కోతల నెల వంతు వస్తే పొలం ఎవరు చూస్తారండీ?" అన్నాడు. వాక్యంలో దానికి జవాబు లేదు. మహిళా సమాజంలో ఒక పెద్దావిడ, "ఆళ్ల ఆడోళ్లే చూసుంటారు, ఇంకెవరు చూస్తారు బాబూ" అంది.

కూలి గడి నింపబోతే ఇంకొకటి బయటపడింది. తూరు రాజు హీరాము మనుషులకు నువ్వు చెప్పినంత కూలి ఇస్తానని సొలొమోను మాట ఇచ్చాడు (5:6). ఏటేటా గోధుమలు, నూనె కూడా పంపాడు. తన సొంత ప్రజలకు ఏమిచ్చాడో ఎక్కడా లేదు. వాక్యంలో లేనిది లేదనే రాశాం. మౌనం మీద మరీ ఎక్కువ బరువు పెట్టకూడదు, అయినా ఆ ఖాళీ గడి కాగితం మీద కొట్టొచ్చినట్టు కనిపించింది.

1 రాజులు 9:22 ఇశ్రాయేలీయులను దాసులుగా చేయలేదని అంటుంది కదా అని ఒక యువకుడు అడిగాడు. నిజమే. శాశ్వత దాస్యం వేరు, వంతుల వెట్టి వేరు అని కొందరు వివరిస్తారు, ఆ వివరణను నేను కొట్టిపారేయను. కానీ ఆ వెట్టి అనుభవించిన జనం ఏమన్నారో 12వ అధ్యాయంలో ఉంది. నీ తండ్రి మా కాడిని బరువు చేశాడు, దాన్ని తేలిక చెయ్యి అని సొలొమోను కొడుకు రెహబామును అడిగారు. ఆయన తగ్గించనన్నాడు. వెట్టివాళ్ల మీద అధికారిని పంపితే జనం రాళ్లతో కొట్టి చంపారు. రాజ్యం రెండుగా చీలింది. ధాన్యం నిలువచేసే పట్టణాలు ఐగుప్తులో ఫరో కట్టించాడు, సొలొమోనూ కట్టించాడు (9:19). నిర్గమకాండం మొదటి అధ్యాయం కథ యెరూషలేములో మళ్లీ నడిచింది. మన ప్రాంతంలో వెట్టిచాకిరి అన్న మాటకు ఎంత బరువుందో తెలిసినవాళ్లకు ఇంతకన్నా విప్పి చెప్పక్కర్లేదు.

ఇక దూడ సంగతి. నిర్గమకాండంలో నమూనా ఇచ్చిన అధ్యాయాలకూ పని చేసిన అధ్యాయాలకూ మధ్య బంగారు దూడ ఉంది. రాజుల గ్రంథంలో దూడలు మందిరం తర్వాత వస్తాయి, యరొబాము బేతేలులో, దానులో నిలబెట్టినవి. ఐగుప్తులోంచి నిన్ను తెచ్చిన దేవుళ్లు ఇవే అన్న మాట రెండు చోట్లా దాదాపు ఒకటే. ఈ యరొబాము ఎవరు? సొలొమోను యెరూషలేములో మిల్లో అనే కట్టడం కట్టిస్తున్నప్పుడు యోసేపు గోత్రాల వెట్టి పని మీద పెట్టిన మనిషి (11:28). నిర్మాణంలో జరిగిన వెట్టి, రాజ్యం చీలడం, దూడలు వేరువేరు కథలు కావు. ఒకే మనిషి వాటన్నిటిలో ఉన్నాడు. గుడారం, మందిరం పోలికలు చెప్పే పాఠాల్లో యరొబాము పేరు సాధారణంగా రాదు. నా లెక్కలో ఆయన లేకుండా ఆ పోలిక పూర్తికాదు.

దినవృత్తాంతాలు అదే కథను ఇంకోలా చెబుతాయి, దాన్నీ పక్కన పెట్టి చదవాలి. అక్కడ ఆ ముప్పై వేల మంది లేరు. 1,53,600 మంది పనివాళ్లూ దేశంలోని అన్యులే. తూరు నుంచి వచ్చిన నేర్పరి తల్లిది రాజుల్లో నఫ్తాలి గోత్రం, ఇక్కడ దాను. అంటే అహోలీయాబు గోత్రం. దావీదుకు నమూనా లిఖితంగా వచ్చింది, జనం ఇష్టంతో ఇచ్చారు, ఆకాశం నుంచి అగ్ని దిగింది. మందిరం గుడారానికి ఇంకా దగ్గరగా జరిగింది. అయినా రెహబాముతో కాడి బరువు గురించి జనం మాట్లాడిన సంగతి మాత్రం అక్కడా అలాగే ఉంది (2 దిన 10).

చెర తర్వాత

మూడో గడి చిన్నదైనా శ్రద్ధగా చదవాల్సింది. ఎజ్రా 3లో తాపీవాళ్లకు, వడ్రంగులకు డబ్బు ఇచ్చారని, సీదోను, తూరు వాళ్లకు తిండి, నూనె ఇచ్చి యొప్పేకు దేవదారు తెప్పించారని ఉంది. పని రెండో నెలలో మొదలైంది, సొలొమోను మొదలుపెట్టినదీ రెండో నెలలోనే. మూడు వరసల రాళ్లు, ఒక వరస మాను అన్న పారసీక రాజు కోరెషు ఆజ్ఞ (6:4) సొలొమోను ఆవరణ గోడను గుర్తు చేస్తుంది. పోలికలన్నీ ఉన్నాయి. పాత మందిరం చూసిన ముసలివాళ్లు ఏడ్చారు. హగ్గయి క్రీ.పూ. 520లో మాట్లాడాడు, ఆ తర్వాతి పారసీక రాజు దర్యావేషు ఆరో ఏట, అంటే క్రీ.పూ. 515లో పని ముగిసింది. సొలొమోను ప్రతిష్ఠలో 22,000 ఎడ్లు, 1,20,000 గొర్రెలు. ఇక్కడ వంద ఎడ్లు, రెండు వందల పొట్టేళ్లు, నాలుగు వందల గొర్రెపిల్లలు, పన్నెండు మేకపోతులు. మేఘం రాలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.

లెక్క గడి మాత్రం నిండింది. మొదట కోరెషు తిరిగిచ్చిన పాత్రల జాబితా. తర్వాతి తరంలో ఎజ్రా 650 మణుగుల వెండి, 100 మణుగుల బంగారం యాజకుల చేతికి తూచి ఇచ్చాడు, యెరూషలేములో మళ్లీ తూచి అప్పగించారు, బరువు రాసుకున్నారు (8:34). గుడారం రోజుల తూకం తిరిగొచ్చింది.

సొలొమోనుకూ చెరకూ మధ్యలో జరిగిన మరమ్మతు కథను కూడా కలిపాం. యోవాషు రాజు 23వ ఏట వరకు యాజకులు మందిరం బాగుచేయలేదు. అప్పుడు యాజకుడు యెహోయాదా ఒక పెట్టెకు బెజ్జం పెట్టి బలిపీఠం పక్కన ఉంచాడు. రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు కలిసి లెక్కపెట్టేవారు, డబ్బు పని చేయించేవాళ్ల చేతికి, వాళ్ల ద్వారా వడ్రంగులకు, తాపీవాళ్లకు వెళ్లేది. పని చేయించినవాళ్లు నమ్మకస్తులు గనుక వాళ్లను లెక్క అడగలేదు (2 రాజులు 12:15). లెక్క గట్టిగా ఉన్నది పెట్టె దగ్గర.

సంఘంలో ఏం జరిగింది

హగ్గయి దగ్గరికి వచ్చేసరికి కమిటీ అడిగే ప్రశ్నలు మారాయి. పెట్టె తెరిచేటప్పుడు ఇద్దరు వేర్వేరు కుటుంబాల వాళ్లు ఉండాలని, నెల నెలా జమాఖర్చులు గోడకు అంటించాలని తీర్మానం చేసుకున్నారు. సేవ పేరుతో సంఘంలోని కూలీల చేత పునాది తవ్వించాలన్న ఆలోచన ముందు ఉండేది. దాన్ని వదులుకున్నారు. ఇష్టంతో వచ్చేవాళ్లు సెలవు రోజున రావచ్చు, రోజు కూలి మీద బతికేవాళ్లకు మాత్రం కూలి ఇవ్వాలి అని రాసుకున్నారు.

శిలాఫలకం గొడవ మాత్రం తేలలేదు. దాతల పేర్లు చెక్కించాలన్నవాళ్లు సంఖ్యాకాండం 7 తెరిచారు. పన్నెండు గోత్రాల ప్రధానుల పేర్లు, వాళ్ల కానుకలు అక్కడ పూర్తిగా రాసి ఉన్నాయి. నిజమే, కానీ పన్నెండు మందీ తెచ్చింది ఒకటే కానుక, ఆ జాబితా పన్నెండుసార్లు మార్పు లేకుండా వస్తుంది. పనివాళ్ల పేర్లు కూడా చెక్కించాలని ఇంకొకరు నెహెమ్యా 3 చూపించారు. అక్కడ షల్లూము కూతుళ్లు కూడా యెరూషలేము గోడ కట్టినవాళ్లలో ఉన్నారు. ఈ వాదన నాకు నచ్చింది, ఆ మాటే వాళ్లకు చెప్పాను.

ఇప్పుడు నెహెమ్యా 5 చదువుతున్నాం. 52 రోజుల్లో ముగిసిన గోడ కథ మధ్యలో, పొలాలు తాకట్టు పెట్టి గింజలు తెచ్చుకున్న జనం మొర పెట్టుకుంటారు. కొందరు పిల్లలను దాస్యానికి ఇచ్చారు. నెహెమ్యా పొలాలు, వడ్డీ తిరిగి ఇప్పించాడు. తాను పన్నెండేళ్లు అధికారి భత్యం తీసుకోలేదు. శ్లాబు వేయడానికి అప్పు తేవాలా, తెస్తే ఏ కుటుంబం మీద ఎంత పడుతుంది అన్న కాగితం కూడా అదే బల్ల మీద పెట్టుకుని ఆ అధ్యాయం చదువుతున్నాం.